చేతికందు గణితము

ఐదేండ్ల పిల్లవాడు "నూరు" అను మాటను తడుముకొనకుండ పలుకగలడు. కాని నూరు ఎంతో వాడెరుగునా? ఒంట్లు నూటివరకు ఒప్పజెప్పిన బాలుడే, 32 నుండి 17 తీసివేయుమన్నచో, 2లో నుండి 7 పోదు గనుక 7లో నుండి 2 తీసి, 25 అని వ్రాయుట ఉపాధ్యాయులెరిగినదే. స్థానవిలువ వానికి పలకమీది గీతయే గాని, కంటికి కనబడు రాశి కాదు.

ఇట్టి చిక్కునకు విరుగుడు కాగల ఉపకరణములను ఇటలీ దేశపు వైద్యురాలు మేరియా మాంటిసోరి (1870–1952) రూపొందించెను. ఆమె తొలి శిశుపాఠశాల 1907లో రోము నగరమున వెలసినది. 1939లో ఆమె మదరాసులోని అడయారుకు వచ్చి, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోవు హైదరాబాదు రహదారి చేరు విజయవాడలో 1955లో వి. కోటేశ్వరమ్మ మాంటిసోరి పాఠశాలను నెలకొల్పిరి. వారికి 2017లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఈ ఉపకరణములలో మొదటివి సంఖ్యాదండములు. ఇవి పది. అన్నిటికంటె చిన్నది 10 సెంటీమీటర్లు, పెద్దది ఒక మీటరు. ప్రతి 10 సెంటీమీటర్లకు ఎరుపు, నీలము రంగులు మారుచుండును. 9వ దండము చివర 1వ దండమును చేర్చినచో 10వ దానితో సమానమగును. అట్లే 8కి 2, 7కి 3, 6కి 4. కూడిక యనగా నేమో పిల్లవాడు చేతులతోనే గ్రహించును.

రెండవది కదురుల పెట్టె. దీనిలో 0 నుండి 9 వరకు గుర్తులున్న అరలు, 45 కదురులు ఉండును. కదురులన్నియు పంచగా సున్న గుర్తుగల అర ఖాళీగా మిగులును. "ఏమియు లేదు" అను భావమునకు ఇంతకంటె తేటయైన పాఠము వేరే అక్కరలేదు.

మూడవది పూసల సామగ్రి. విడిపూస ఒకటి, తీగకు గ్రుచ్చిన పది పూసలు ఒక కడ్డీ, పది కడ్డీలు నూటి చదరము, పది చదరములు వేయి ఘనము. 32 అనగా మూడు కడ్డీలు, రెండు పూసలు. 17 తీయవలెనన్న 7 పూసలు లేవు. ఒక కడ్డీనిచ్చి పది పూసలు మార్చుకొనవలెను. అప్పుడు 12 పూసలలో 7 పోగా 5, మిగిలిన రెండు కడ్డీలలో ఒకటి పోగా 1, శేషము 15. "అప్పు తెచ్చుట" ఇక్కడ మంత్రము కాదు, చిల్లర మార్చుటయే.

వీనికి ధనవ్యయము తప్పనిసరి కాదు. మెట్టసీమలో చింతపిక్కలకు కొదువ లేదు. వెదురుబద్దకు పది పిక్కలు అంటించిన కడ్డీ, అట్టమీద పది బద్దలు అంటించిన నూరు. కొలత సరిగా ఉండుట ముఖ్యము. విడిపిక్కలను పసివారు నోట బెట్టుకొనకుండ పెద్దలు కనిపెట్టి యుండవలెను.

ఉన్నత పాఠశాలలకు సైతము ఈ పద్ధతి పనికివచ్చును. (అ+ఇ) భుజముగా గల ఘనమును 8 చెక్కముక్కలుగా కోయవచ్చును: అ ఘనము ఒకటి, ఇ ఘనము ఒకటి, అ²ఇ ముక్కలు మూడు, అఇ² ముక్కలు మూడు. పెట్టెలో వీనిని పేర్చిన విద్యార్థికి (అ+ఇ)³ సూత్రములోని 3 ఎక్కడనుండి వచ్చెనో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే వస్తువు గమ్యము కాదు, మెట్టు మాత్రమే. చేతితో చేసిన ప్రతి లెక్కను వెంటనే అంకెలలో వ్రాయించవలెను. పూసలు లేకయే పిల్లవాడు సరిగా మార్చగలిగిన నాడు, ఆ పెట్టె తన పని నెరవేర్చినట్లే.