శంషాబాద్ నుంచి జిద్దా: టికెట్‌పై మూడున్నర గంటలు, గాల్లో ఆరు గంటలు

ఉమ్రా టికెట్ చేతికి రాగానే చాలా ఇళ్లలో ఒకటే సందేహం. శంషాబాద్‌లో రాత్రి 10 గంటలకు బయల్దేరే విమానం జిద్దాలో 1:30కే దిగుతుందని రాసి ఉంటే, ప్రయాణం మూడున్నర గంటలేనా? కాదు. టికెట్‌పై ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. అది కలిపితే అసలు ప్రయాణం ఆరు గంటలు.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా కొలిస్తే దూరం సుమారు 4,130 కిలోమీటర్లు. నాన్‌స్టాప్ విమానం వెళ్లేటప్పుడు ఆరు గంటల దాకా తీసుకుంటుంది. వచ్చేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి తోడవుతుంది కాబట్టి కాస్త ముందే చేరుస్తుంది. దారిలో విమానం మారితే ఆగే సమయం అదనం.

ఈ లెక్క పెద్దవాళ్లకు చాలా అవసరం. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్, మందులు చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. డోసు ఏ టైమ్ ప్రకారం తీసుకోవాలో డాక్టర్‌ను ముందే అడగాలి.

ఇంకోటి ఇహ్రామ్. నేరుగా జిద్దా వెళ్లి ఉమ్రా చేసేవారి విమానం దిగకముందే మీఖాత్ దాటుతుంది. నీయ్యత్ ఆలోపే చేసుకోవాలి. అందుకే మగవాళ్లు ఇహ్రామ్ బట్టలను లగేజీలో వేసేయకుండా ఇంట్లోనో ఎయిర్‌పోర్టులోనో కట్టుకుంటే నయం.

దిగగానే ఇంటికి ఫోన్ చేస్తారా? అక్కడ 1:30 అంటే ఇక్కడ తెల్లవారుజామున 4 గంటలు.