పాలమూరు కథలకు ఇంట్లోనే మిక్సింగ్
తక్కువ ఖర్చులో వీడియో ఎడిటింగ్ కంప్యూటర్ ఎంచుకోవడం ఎలా?

గద్వాల మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచు కలిసే తీరు, సోమశిల దగ్గర కృష్ణమ్మ, మన్ననూరు దాటాక చిక్కబడే నల్లమల... అన్నీ ఇప్పుడు ఫోన్లలోకి ఎక్కుతున్నాయి. పెళ్లిళ్లు, జాతరలు సరేసరి. తీయడం సులువైంది. తీసినదాన్ని కథగా మలచడమే అసలు పని. దానికి లక్షలు పోయాల్సిన అవసరం లేదు.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మొగులయ్య కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఊరూరా వినిపించింది. 2022లో ఆయనను పద్మశ్రీ వరించింది. అలాంటి కళ లోకానికి తెలియడానికి ప్రతిసారీ ఒక సినిమా రావాలా? జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్‌లో గంగవ్వను ఇంటింటికీ పరిచయం చేసింది. ఆ పని పాలమూరు ప్రాంతంలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలూ చేయగలరు.

ముందు మీ ఫైలు చూడండి

దుకాణానికి వెళ్లేముందు ఫోన్ కెమెరా సెట్టింగ్స్ తెరవండి. 1080పీలో తీస్తున్నారా, 4కేలోనా? ఐఫోన్‌లో వీడియోను కుదించి దాచే హెచ్‌ఈవీసీ పద్ధతిలో సెకనుకు 30 ఫ్రేములతో 1080పీ తీస్తే నిమిషానికి సుమారు 60 ఎంబీ, 4కే తీస్తే 170 ఎంబీ అవుతుంది. అంటే గంట 4కే వీడియో 10 జీబీ దాటుతుంది.

సైజు కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. హెచ్‌ఈవీసీ ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. చాలావాటికి ముందువెనకల ఫ్రేములతో ఉన్న తేడానే దాస్తుంది. టైమ్‌లైన్‌లో అటూ ఇటూ జరిపినప్పుడల్లా కంప్యూటర్ ఆ బొమ్మను మళ్లీ కట్టుకోవాలి. పాత సిస్టమ్ ఆగి ఆగి నడిచేది అందుకే.

డబ్బు పెట్టాల్సిన వరుస

మొదటిది ప్రాసెసర్. వీడియోను విప్పే ప్రత్యేక విభాగం అందులో ఉండాలి. ఇంటెల్‌లో దాని పేరు క్విక్ సింక్. ఐ5-12400లో ఆరు కోర్లతో పాటు ఇది కూడా ఉంటుంది. అదే పేరు చివర ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ ఉండదు. ధర కాస్త తగ్గినా వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే. బిల్లు రాయించేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూసుకోండి.

రెండోది ర్యామ్. 8 జీబీతో పని మొదలవుతుంది గానీ సాగదు. 16 జీబీ పెట్టండి. ఒకే ముక్కకు బదులు 8 జీబీవి రెండు వేస్తే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మెరుగ్గా పనిచేస్తుంది. మూడోది ఎస్‌ఎస్‌డీ. విండోస్, నడుస్తున్న ప్రాజెక్టు దాని మీద, పూర్తయినవి మామూలు హార్డ్ డిస్క్ మీద ఉంచండి. రంగుల లైట్ల క్యాబినెట్‌కు పెట్టే డబ్బు వీడియోను ఒక్క సెకను కూడా ముందుకు నడపదు.

మూడు దారులు

మొదటి దారి, కంపెనీలు వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ లాంటి సెకండ్ హ్యాండ్ సిస్టమ్. ఇంటెల్ 8వ తరం కన్నా పాతది వద్దు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అంగీకరించే ఇంటెల్ కోర్ ప్రాసెసర్లు దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతాయి. 1080పీ పనికి ఇలాంటి సెకండ్ హ్యాండ్ సిస్టమ్ చాలు.

రెండోది అసెంబుల్డ్ సిస్టమ్. రేపు గ్రాఫిక్స్ కార్డు కలుపుకోవచ్చు, చెడిన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు. పెళ్లి వీడియోలు చేయాలనుకునేవారికి ఇదే సరైనది. మూడోది ఎం4 మ్యాక్ మినీ. 2024లో 59,900 రూపాయల ప్రారంభ ధరతో, 16 జీబీ మెమరీతో వచ్చింది. 4కేను హాయిగా నడుపుతుంది. కాకపోతే మానిటర్, కీబోర్డు, మౌస్ విడిగా కొనాలి. తర్వాత మెమరీ పెంచుకోలేం.

పాత సిస్టమ్‌కు ప్రాక్సీ బలం

పెద్ద ఫైలుకు చిన్న నకలు తయారుచేసి, దాని మీద కత్తిరించి, చివర్లో అసలు ఫైలు నుంచే వీడియో బయటికి తీసే పద్ధతే ప్రాక్సీ. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లైన డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో, కేడెన్‌లైవ్‌లో, షాట్‌కట్‌లో ఇది ఉంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేనివారు చివరి రెండింటితో మొదలుపెట్టడం మేలు. ఇవి ఉచితంగా దొరుకుతుంటే దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌తో వైరస్ తెచ్చుకోవద్దు.

ఎండ, కరెంటు, బిల్లు

పాలమూరు ఎండల్లో సన్నని ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. ఇంట్లోనే పని అయితే గాలి ఆడే డెస్క్‌టాప్ కొనండి. దానికి యూపీఎస్ తప్పనిసరి. వీడియోను బయటికి తీసే రెండర్ మధ్యలో కరెంటు పోతే గంటల శ్రమ పోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ధరలు కనుక్కోండి. వాటితో మీ ఊరి దుకాణంలో బేరమాడండి. తేడా కొద్దిగానే ఉంటే ఊళ్లోనే కొనండి. రిపేరు వచ్చినప్పుడు ఆ తేడా తిరిగొస్తుంది.

కొనే ముందు...
• మీ ఫోన్‌లో తీసిన వీడియోనే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, దుకాణంలో నడిపించి చూడండి.
• జీఎస్టీ బిల్లు, ఏ భాగానికి ఎన్నేళ్ల వారంటీయో రాతపూర్వకంగా తీసుకోండి.
• బ్యాకప్‌కు మరో హార్డ్ డిస్క్ ఉంచుకోండి.
• కొంత డబ్బు మంచి మైకుకు మిగల్చండి. పాట సరిగా వినబడకపోతే 4కే బొమ్మ ఉన్నా ఉపయోగం లేదు.

పాలమూరు అంటే కరువు, వలస అని బయటివాళ్లు చెప్పిన మాటే చాలాకాలం నడిచింది. ఇక్కడి నేత, పాట, అడవి, సేద్యం గురించి ఇక్కడివాళ్లే చెప్పాలి. అందుకు వడ్డీకి అప్పు తెచ్చి ఖరీదైన సిస్టమ్ కొననక్కర్లేదు. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చేదాంతో మొదలుపెట్టండి. సంపాదన మొదలయ్యాక పెంచుకుంటూ పోవచ్చు.