బంపరు మీద లోతు గీత

కారుకు ముందూ వెనకా బంపరు పేరుతో బయటికి కనిపించేది నిజానికి ఒక తొడుగు మాత్రమే. దెబ్బ తగిలినప్పుడు ఆ బలాన్ని కాచుకునే దూలం, నురుగు దిమ్మ దాని వెనక దాగి ఉంటాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తిరిగిన కాలంలో బంపరంటే క్రోమియం పూత వేసిన ఉక్కు పట్టీ. దానికి రంగుతో పని లేదు. సొట్ట పడితే సాపు చేయించేవారు, మెరుపు పోతే మళ్ళీ పూత వేయించేవారు. ఫ్రాన్సులో 1972లో వచ్చిన రెనో 5 ప్లాస్టిక్ బంపర్లను సామాన్యుల కారులోకి తెచ్చింది. ఇప్పుడు కొత్తగా కొనే కార్లలో దాదాపు అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగే, ఎక్కువగా దాని మీద కారు ఒంటి రంగే. చూడటానికి అంతా ఒకే ముక్కలా ఉంటుంది కనుక తలుపు మీది గీతకూ బంపరు మీది గీతకూ మరమ్మతు ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఇంట్లో చేసిన పని నాలుగు నెలల్లో పెచ్చులూడటానికి తరచుగా ఈ అపోహే కారణం.

ఎక్కువ కార్లలో ఈ తొడుగు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. వంగి మళ్ళీ నిలబడటానికి అందులో రబ్బరు, గట్టిదనానికి టాల్కు పొడి కలుపుతారు. తొడుగు లోపలివైపు పోతపోసిన చిన్న అక్షరాల్లో ‘పీపీ ప్లస్ ఈపీడీఎం’ అనీ, పక్కనే టాల్కు శాతమూ కనిపిస్తాయి. ఈ పదార్థానికి తుప్పు పట్టదు, అది మేలు. అయితే ఇది దేన్నీ పట్టుకోదు. రంగు, జిగురు, లప్పం ఏదైనా సరే దాని మీద ఊరికే పూస్తే నిలవదు. ఫ్యాక్టరీలో రంగు వేసే ముందు తొడుగు పైభాగాన్ని క్షణకాలం మంటతో తాకించడమో, క్లోరిన్ కలిసిన ప్రత్యేకమైన ప్రైమర్ కొట్టడమో చేసేది అందుకే. ఇంట్లో చేసే మరమ్మతులో సగానికి పైగా శ్రమ ఈ పట్టు సంపాదించడానికే పోతుంది. రంగు కొట్టడం చివర్లో వచ్చే చిన్న పని.

తుప్పు పట్టదంటే తొందర లేదని కూడా అర్థం. తలుపు మీద రేకు బయటపడితే విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అది చూస్తుండగానే ఎర్రబారుతుంది. బంపరు మీద గీత ఏడాది అలాగే ఉన్నా ప్లాస్టిక్‌కు హాని లేదు. గీత అంచుల్లో రంగు లేచి ఉంటే మాత్రం సర్వీసింగ్ సెంటర్లో వాటర్ గన్ ధాటికి ఆ పెచ్చు ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి వానాకాలంలో పడిన గీతను చలికాలం దాకా ఆపి, తీరిగ్గా చేయడంలో నష్టమేమీ లేదు.

మొదట తేల్చుకోవలసింది గీత లోతు. ప్లాస్టిక్ మీద అడుగున ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన గాజులాంటి క్లియర్ పూత ఉంటాయి. ఇవన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతు, లేదంటే అంతకు కాస్త ఎక్కువ. బంపరును షాంపూతో కడిగి, గీత మీద నీళ్ళు చల్లినప్పుడు గీత మాయమైతే దెబ్బ క్లియర్ పూతలోనే ఉంది. రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్దితే చాలు. గోరు అడ్డంగా గీస్తే తట్టుకుని ఆగిందంటే రంగు దాకా దిగింది. లోపల తెల్లగానో బూడిద రంగులోనో కనిపించేది ప్రైమర్, నల్లగా కనిపించేది ప్లాస్టిక్. ఈ చివరి రకాన్నే లోతు గీత అనాలి.

అయితే లోతుగా అనిపించేవన్నీ లోతైనవి కావు. హైదరాబాదు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో స్తంభాలకు పసుపు, నలుపు పట్టీలు వేస్తారు. వాటిని ఒరుసుకున్న బంపరు మీద ఎంతో కొంత స్తంభం రంగే అంటుకుని ఉంటుంది. మెత్తని గుడ్డకు కాస్త కాంపౌండ్ అద్ది రుద్దితే ఆ పసుపంతా పోయి, కింద అసలు గీత ఎంత చిన్నదో తెలుస్తుంది. గోళ్ళ రంగు తీసే ద్రవం వాడమని కొందరు చెప్పే సలహా మంచిది కాదు. అందులోని అసిటోన్ స్తంభం రంగుతో పాటు కారు రంగునూ కరిగిస్తుంది.

ఇంటి దగ్గర చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. తొడుగు పగిలినా, లోపలి క్లిప్పులు విరిగినా ముందు దాన్ని విప్పి అతికించాలి, లేదా మార్చాలి. బంపరు కింది భాగంలో రంగు వేయని, గరుకు నల్ల ప్లాస్టిక్ ఉంటే దాని మీద లప్పం పెట్టడం వృథా. నునుపైన మచ్చ ఒకటి మిగిలిపోతుంది. పార్కింగ్ సెన్సర్ల ముఖాల మీద రంగు మందంగా పడితే అవి సరిగా పనిచేయవు. పక్కన వచ్చే బండిని పసిగట్టే రాడార్లున్న కొత్త కార్లలో వెనక బంపరు మూలల వెనకే ఆ పరికరం ఉంటుంది. అక్కడ లప్పం దట్టించడం ప్రమాదం, కంపెనీ సర్వీసు వాళ్ళకు వదిలేయడమే మేలు.

బీమా లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగుదల కింద కోసేస్తారు. ఆపైన 1500 సీసీ లోపు కారుకు వెయ్యి రూపాయలు, అంతకు మించితే రెండు వేలు యజమానే భరించాలి. క్లెయిమ్ చేస్తే, ఏడాదికేడాది 20 నుంచి 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక్క గీత కోసం క్లెయిమ్ చేయడం చాలాసార్లు గిట్టదు.

గీత సన్నగా, ఒంటరిగా ఉంటే టచప్ పెన్ను చాలు. గీత లోపలే సన్నని కుంచెతో పలుచగా రంగు నింపి, ఆరనిచ్చి, మళ్ళీ నింపుతూ పోవాలి. ఒకేసారి నింపితే ఆరాక కుంగిపోతుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది కానీ నాలుగడుగుల దూరం నుంచి కంటికి ఆనదు. పాత కారుకు ఇదే తెలివైన పని. గీతలు గుంపుగా పడినా, ప్లాస్టిక్ చెక్కుకుపోయినా పూర్తి మరమ్మతు తప్పదు.

దానికి రోజు చూసుకోవాలి. డబ్బాలో ఉన్న స్ప్రే రంగుకు 20 నుంచి 30 డిగ్రీల వేడి, పొడి గాలి అనుకూలం. రోహిణి కార్తె ఎండలో రంగు బంపరును చేరేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. ముసురు రోజుల్లో గాలిలోని తేమ చేరి పాలలా తెల్లబారుతుంది. తెలుగు రాష్ట్రాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక, నీడలో చేసే పని బాగా కుదురుతుంది. ముందు నేల మీద నీళ్ళు చల్లితే దుమ్ము అణుగుతుంది. మూసిన గదిలో మాత్రం స్ప్రే చేయకూడదు.

సబ్బుతో కడిగి ఆరాక, జిడ్డు తీసే ద్రవంతోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తుడవాలి. ఒక గుడ్డతో తడిపి, ఆరకముందే వేరే గుడ్డతో తుడిచేస్తే జిడ్డు గుడ్డకెక్కుతుంది. ఇది వాటర్ పేపర్ పట్టే ముందే చేయాలన్నది చాలామంది మరిచే సంగతి. మెరుపు కోసం పూసే పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. ముందే రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది, ఆ తర్వాత కొట్టిన రంగు ఆ చోట నిలవక గుంటలు గుంటలుగా విడిపోతుంది.

తర్వాత రుద్దుడు. పైకి లేచిన ప్లాస్టిక్ పోగులను ముందు పదునైన బ్లేడుతో కోసేయాలి. 180 నంబరు పేపరుతో గీత చుట్టూ రుద్ది, 320తోనూ 400తోనూ ఆ చోటు వెడల్పు చేస్తూ పోవాలి. బాగా రుద్దిన చోట క్లియర్, రంగు, ప్రైమర్, ప్లాస్టిక్ అన్నీ చెట్టు మొద్దు మీది వలయాల్లా ఒకదాని లోపల ఒకటి కనిపిస్తాయి. వలయాలు ఎంత వెడల్పుగా ఉంటే అంచు అంత వాలుగా ఉన్నట్టు. ఈ వాలు రాకుండా రంగు కొడితే పాత రంగు అంచు గట్టులా కొత్త రంగు కింద నుంచి తెలుస్తూనే ఉంటుంది. డ్రిల్లుకు తగిలించిన చక్రాలతో పని తొందరగా అవుతుందనిపిస్తుంది కానీ, వేడికి ప్లాస్టిక్ మెత్తబడి నూగు లేస్తుంది. చేత్తో రుద్దడమే నయం.

ప్లాస్టిక్ చెక్కుకుపోని గీత ఈ రుద్దుడుతోనే చదునవుతుంది. చెక్కుకుపోయిన చోటికి లప్పం కావాలి. గ్యారేజీల్లో రేకుకు పెట్టే మామూలు లప్పం ఆరాక రాయిలా బిగుస్తుంది. బంపరు వంగగానే పగులుతుంది. ప్లాస్టిక్ బంపరు కోసమే చేసిన, వంగే రకం లప్పం అడిగి కొనాలి. కొన్ని రకాలను రుద్దిన ప్లాస్టిక్ మీద నేరుగా పెట్టమంటారు, కొన్నిటికి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టమంటారు. డబ్బా మీది మాటే ప్రమాణం. గట్టిపడటానికి కలిపే హార్డెనర్ రెండు శాతం దగ్గర ఉంటుంది. ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందే తప్ప గట్టిదనం పెరగదు, పైగా రంగు పైకి మరక ఉబుకుతుంది. కలిపాక 20 డిగ్రీల్లో నాలుగైదు నిమిషాలే సమయం, ఎండాకాలంలో ఇంకా తక్కువ. అందుకే కొంచెం కొంచెంగా కలిపి, పలుచని పొరలుగా, గాలి బుడగలు చిక్కకుండా నొక్కుతూ గీయాలి.

ఆరిన లప్పాన్ని చెక్క దిమ్మకు చుట్టిన పేపరుతో, నీళ్ళు తగలకుండా రుద్దాలి. లప్పం నీళ్ళు పీల్చుకుంటే తర్వాత పూతలు ఉబ్బుతాయి. ఎగుడుదిగుళ్ళు కంటికన్నా అరచేతికి బాగా తెలుస్తాయి. చెయ్యి మోసపోయే చోట ఇంకో ఉపాయం ఉంది: నల్ల రంగు దూరం నుంచి తుంపరగా చల్లి, ఆరాక రుద్దితే పల్లంలో ఉన్న చోట నలుపు మిగిలిపోతుంది.

బయటపడిన ప్లాస్టిక్ అంతటి మీదా ప్లాస్టిక్ ప్రైమర్ పలుచగా ఒక్క పూత కొట్టాలి. పట్టు సంపాదించి పెట్టేది ఇదే. దీన్ని మానేస్తే మిగిలిన శ్రమంతా వ్యర్థం. దాని మీద మందంగా పట్టే సర్ఫేసర్ ప్రైమర్ రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య పది నిమిషాల విరామంతో కొట్టాలి. పూర్తిగా ఆరాక 600, తర్వాత 800 నంబరు పేపరుతో, ఈసారి నీళ్ళతోనే రుద్దాలి. రుద్దుతుండగా నల్లగా ప్లాస్టిక్ బయటపడితే ఆ చోట ప్లాస్టిక్ ప్రైమర్ నుంచి మళ్ళీ మొదలు.

రంగు పేరు చెప్పి కొనడం పొరపాటు. తెలుపు అన్న మాట కింద ప్రతి కంపెనీకి అనేక తెలుపులున్నాయి. డోరు తీస్తే కనిపించే స్తంభం మీదో, బానెట్ కిందో ఉన్న పలకపై రంగు కోడు ఉంటుంది. దాని ప్రకారమే కలిపించాలి. అయినా ఎండకు వెలిసిన కారుకు కొత్త రంగు అచ్చంగా కలవదు. అట్ట ముక్క మీద కొట్టి, ఆరాక పగటి వెలుగులో బంపరు పక్కన పెట్టి చూడాలి. మామూలు తెలుపు, నలుపు, ఎరుపు కొత్తవాడి చేతికీ లొంగుతాయి. వెండి రంగులో సన్నని అల్యూమినియం రేకులుంటాయి. స్ప్రే దగ్గరైతే ఒకలా, దూరమైతే ఒకలా అవి పడుకుంటాయి, దాంతో ఒకే డబ్బాలోని రంగు రెండు రకాలుగా కనిపిస్తుంది. మూడు పూతల ముత్యపు తెలుపు ఇంకా కష్టం. దాన్ని ఇంట్లో ప్రయత్నించకపోవడమే మంచిది.

టేపు వేసేటప్పుడు రంగు మీద పదునైన గీత రాకుండా అంచును వెనక్కి మడిచి అంటించాలి. డబ్బాను రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, చెయ్యి ఆగకుండా నడపాలి. బంపరును చేరకముందే నొక్కి, దాటాక వదలాలి. ఒక్కో వరుస అంతకు ముందు వరుసలో సగాన్ని కప్పాలి. మొదటి పూతకే కింది ప్రైమర్ కనపడకుండా పోవాలన్న ఆత్రం ఉంటే రంగు కారుతుంది. మూడు నాలుగు పలుచని పూతలు, ఒక్కోటీ ముందటి దానికన్నా కాస్త వెడల్పుగా కొడితే కొత్త రంగు పాతదానిలో కలిసిపోతుంది.

క్లియర్ పూతను మాత్రం మరమ్మతు చోటికే పరిమితం చేయకూడదు. బంపరు అంతటికీ, లేదా దాని మీదున్న మడత గీత దాకా కొడితే అతుకు కనిపించదు. ముందుగా ఆ భాగంలోని పాత క్లియర్ మెరుపు పోయేలా సన్నని పేపరుతో రుద్ది ఉంచాలి. క్లియర్‌లో హార్డెనర్ లేని ఒంటి రకం, హార్డెనర్ కలిసే జంట రకం అని రెండున్నాయి. గట్టిదనంలో, పెట్రోలు పడినా చెక్కుచెదరకపోవడంలో జంట రకమే మేలు. కానీ దాని హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేసి ఉబ్బసం తెప్పిస్తాయి. షెడ్డుల్లో దాన్ని వాడేవారికి బయటి గాలి అందించే ముసుగు ఉండాలి. ముక్కుకు కట్టుకున్న రుమాలు గానీ, దుమ్ము మాస్కు గానీ ఆ ఐసోసయనేట్లను ఆపలేవు. ఇంటి వాకిట్లో ఒంటి రకమే వాడాలి. దానికీ ఆవిర్లను పట్టే గుళికలున్న మాస్కు పెట్టుకోవాలి.

క్లియర్ మీద చిన్న దుమ్ము నలుసులు, నారింజ తొక్కను పోలిన గరుకు రావడం మామూలే. కొన్ని రోజులు ఆగి 2000 నంబరు పేపరును సబ్బు నీళ్ళలో నానబెట్టి, చెయ్యి బరువు వేయకుండా రుద్ది, కాంపౌండ్, ఆ తర్వాత పాలిష్ పట్టాలి. మూలల మీదా, మడతల మీదా పూత పలుచగా ఉంటుంది. అక్కడ రెండు రుద్దులు ఎక్కువైతే రంగు బయటపడుతుంది. కొత్త పూత పైకి ఆరినా లోపలి ద్రావకం పోవడానికి వారాలు పడుతుంది. మొదటి వారం కడగకుండా, నెల రోజుల దాకా వ్యాక్స్ పెట్టకుండా, వాటర్ గన్ దగ్గరగా పట్టనివ్వకుండా చూడాలి. పక్షి రెట్ట పడితే మాత్రం ఆ వారం లోపలైనా ఆగకుండా, తడి గుడ్డతో అద్ది తీసేయాలి.