మూలకు తగిన బీరువా

ఫ్లాట్లలో పడకగది పదడుగులకు పదకొండడుగులు ఉంటే అదే గొప్ప. ఒక గోడ కిటికీకి, ఒకటి మంచానికి పోగా, బీరువాకు మిగిలేది తలుపు వెనక చోటో, పిల్లరు పక్కన మూలో. కొట్టుకు వెళ్ళి రంగులూ, అద్దాలూ చూసి ముచ్చటపడకముందే ఇంట్లో టేపు పట్టుకోండి.

వెడల్పు ఒక్కచోట కొలిస్తే చాలదు. కింద, నడుమెత్తున, పైన కొలిచి, తక్కువ వచ్చినదే లెక్కలోకి తీసుకోవాలి. గోడలన్నీ తిన్నగా ఉంటాయనుకోవడం మేస్త్రీ మీద మనకున్న గౌరవమే తప్ప నిజం కాదు! గోడ అడుగున అంటించిన టైలు పట్టీ కూడా అరంగుళం తినేస్తుంది.

ఎత్తు సంగతి మరీ చిత్రం. మామూలు ఇనప బీరువా సుమారు 78 అంగుళాల ఎత్తు, 36 వెడల్పు, 19 లోతు. అటక కింద 79 అంగుళాలుంటే పట్టేస్తుందిలే అనిపిస్తుంది. పడుకోబెట్టి తెచ్చి ఆ అటక కిందే లేపబోతే మాత్రం, మూలనుంచి మూలకు పొడవు 80 దాటుతుంది గనుక పైన తగులుకుంటుంది. ముందు ఇవతల నిలబెట్టి లోపలికి జరపాలి. అంత చోటు లేకపోతే గదిలోనే బిగించుకునే రకం చూసుకోవాలి.

అసలు కిటుకు లోతులో ఉంది. హ్యాంగరుకు తగిలించే చొక్కాలకు తలుపు మూసుకోవాలంటే 22 నుంచి 24 అంగుళాలు కావాలి. మడతపెట్టిన చీరలకు 15, 16 చాలు. మీ చీర మడతను మీరే కొలిచి చూడండి. కనుక మూలలో రెండడుగుల లోతు లేదని దిగులుపడకండి. అక్కడ చీరల అరలు చేయించుకోండి. తగిలించే బట్టలు తప్పవంటారా, హ్యాంగర్లు మనకు ఎదురుగా నిలిచేలా ముందుకు లాగే చిన్న కడ్డీ పెట్టించండి. అప్పుడు ఆ రెండడుగులూ వెడల్పులో ఉంటే సరిపోతుంది. అర మూడడుగులు దాటితే మధ్య ఆనిక అడగండి, లేకుంటే పట్టుచీరల బరువుకు వంగిపోతుంది.

తలుపు రెక్క 18 అంగుళాలైతే, తెరవడానికి అంత చోటు, మనం నిలబడడానికి మరో అడుగు కావాలి. మంచం అడ్డొస్తే జరిపే తలుపులు మేలే. కాని ఒకసారికి సగమే తెరుచుకుంటాయి, పట్టాలకు రెండు మూడంగుళాల లోతు పోతుంది. లోతు తక్కువైన చోట ఒక మంచి తెర వేలాడదీసుకోవడం నామోషీ ఏమీ కాదు.

కొనేముందు బీరువా కొలతకు పాత న్యూస్‌పేపర్లు నేలమీద పరిచి, తెరిచిన రెక్కల చోటునూ కలుపుకుని, రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. రాత్రి పిల్ల లేచి బాత్‌రూముకు వెళ్ళేప్పుడు తొక్కుతోందంటే ఆ చోటు కాదన్నమాటే.

గోడ అవతల స్నానాలగది ఉంటే రెండంగుళాలు ఎడం వదలండి, చెమ్మ బట్టలకు ఎక్కదు. ఎడం వదిలినా వదలకపోయినా, సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని పైన ఇనప పట్టీతో గోడకు బిగించడం మాత్రం మానకండి. సొరుగులు లాగి మెట్లెక్కినట్టు ఎక్కే పసివాళ్ళ మీదకు అది ఇట్టే ఒరిగిపోతుంది.