తోటరాముని విగ్రహం: ‘పాతాళభైరవి’ ఇతివృత్త నిర్మాణం

పంచసంధులను పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా తెలుగు అధ్యాపకునికి ఒక సంకటం ఎదురవుతుంది. లక్షణాలు చెప్పవచ్చు. విద్యార్థులు కంఠస్థం చేసి పరీక్షలో అప్పగిస్తారు కూడా. కాని లక్ష్యం చూపవలసి వచ్చేసరికి గొంతు తడబడుతుంది. దశరూపకంలో ధనంజయుడు చెప్పిన లక్షణాలకు వ్యాఖ్యాత ఇచ్చిన ఉదాహరణలు రత్నావళి, వేణీసంహారము వంటి నాటకాలలోనివి. వాటిని మన పిల్లలు చదివి ఉండరు. చదవని నాటకం నుంచి ఉదాహరణ ఇవ్వడం చూడని ఊరికి దారి చెప్పినట్లే ఉంటుంది.

అందుచేత ఈసారి నేను ‘పాతాళభైరవి’ని ఆశ్రయించినాను. తరగతిలోనే చిత్రం చూపి, మరునాడు చర్చకు దిగినాము. కోటగిరి నుంచి వచ్చే ఒక కుర్రవాడు లేచి, “దేవత ఉన్న బొమ్మ చేతిలో పెట్టుకున్నోడు దాన్ని అంత అలకగ ఎట్ల పోగొట్టుకున్నడు సార్?” అని అడిగినాడు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కథకు ఆయువుపట్టు ఎక్కడ ఉన్నదో ఆ ప్రశ్న సరిగా అక్కడే తగిలినది.

1951 మార్చి 15న విడుదలైన ఈ చిత్రం విజయా సంస్థకు రెండవది. మొదటిది అంతకు ముందు ఏటి ‘షావుకారు’. అది పల్లెటూరి ఇరుగుపొరుగుల కథ, ఇది మంత్రాల మాయల కథ. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన ‘కాశీమజిలీ కథలు’ దీనికి ఒక మూలం. మణిసిద్ధుడు కాశీయాత్రలో మజిలీ మజిలీకి ఒక కథ చొప్పున గోపనికి చెప్పే ఆ సంపుటాలను మన పెద్దలు ఎంత ఆబగా చదివేవారో చెప్పనక్కర లేదు. అల్లావుద్దీన్ అద్భుతదీపం ఛాయలు కూడా ఇందులో స్పష్టంగానే కనిపిస్తాయి. దూరదేశపు మాంత్రికుడు, పేదయువకుడు, గుహ, కోరినది ఇచ్చే వస్తువు, రాత్రికి రాత్రి లేచే మేడ, ఆ మేడ మాయమగుట అన్నీ అక్కడివే. హన్నా దియాబ్ అనే సిరియా దేశీయుడు 1709లో పారిస్‌లో చెప్పగా గాలాండ్ అనే పండితుడు ఫ్రెంచి భాషలోకి ఎక్కించిన కథ అది.

అయితే అప్పు తెచ్చిన సొమ్మును ఎట్లా వినియోగించినారన్నదే కదా విచారించవలసినది! అల్లావుద్దీన్ ఏ కోరికా లేకుండానే గుహలోకి దిగుతాడు. మాంత్రికుడు తీసుకుపోయినాడు, వెళ్లినాడు. రాజకుమార్తె మీద మనసు పడటం ఆ తరువాతి మాట. తోటరాముడు అట్లా కాదు. ఉజ్జయినీ రాజకుమారి ఇందుమతిని ప్రేమించి, సాహసించి అంతఃపురంలో ప్రవేశించి, పట్టుబడినాడు. నా అంతటి సంపద తెచ్చి చూపితే పిల్లనిస్తానని రాజు షరతు పెట్టినాడు. అప్పటికే నేపాళ మాంత్రికుడు పాతాళభైరవికి బలి ఇవ్వడానికి సాహసి అయిన యువకుని కోసం గాలిస్తూ ఉన్నాడు. ఒకనికి ధనం కావాలి, మరొకనికి తల కావాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురువచ్చిన చోట కథ మొదలవుతుంది. రాముణ్ణి గుహకు నడిపించినది మాంత్రికుని మోసం సగమే, తన కోరిక సగం. కనుకనే ఆ ప్రయాణం మనకు నమ్మదగినదిగా తోస్తుంది. రాజు షరతే బీజం.

గుహ ఘట్టంలో రచయిత మన దేశపు పాతకథనే మళ్లీ తలచుకున్నాడు. స్నానానికి దిగిన రాముని మీదికి మొసలి వస్తుంది. అతడు దాన్ని చంపగా శాపం తీరిన దివ్యాంగన ప్రత్యక్షమై మాంత్రికుని గుట్టు విప్పుతుంది. రాముడు మాంత్రికుణ్ణి ఏమరించి అతనినే బలి ఇస్తాడు. భేతాళ కథల చివర భిక్షువును విక్రమార్కుడు వంచించిన తీరు తెలిసినవారికి దీని పుట్టుక చెప్పనక్కర లేదు. కథ ఉజ్జయినిలో జరగడం కూడా యాదృచ్ఛికమని నేను అనుకోను. మెరుపువలె వచ్చి, పని ముగించి, మరి కనిపించని ఆ దివ్యాంగన వృత్తాంతమే ప్రకరి. లక్షణం చదివినప్పుడు గుటక పడని మాట, మొసలిని చూపగానే పిల్లలకు మింగుడుపడింది.

ఇక్కడ నిర్మాణంలో పెద్ద సాహసం ఒకటి ఉన్నది. కథ సగంలోనే ప్రతినాయకుడు చచ్చిపోయినాడు! అదీ సామాన్యుడా, ఎస్.వి. రంగారావు నటించిన మాంత్రికుడు. విగ్రహం చిక్కింది, మేడ లేచింది, రాజు ఒప్పుకున్నాడు, పెళ్లి ఏర్పాట్లు జరుగుతున్నాయి. కథ ముగిసిపోవాలి. తెగిన దారాన్ని మళ్లీ ముడివేసేవాడు సదాజప. హాస్యానికి పెట్టినాడని మనం అనుకున్న ఆ శిష్యుడే గురువు మొండెం వెదికి, సంజీవని మూలికతో బ్రదికిస్తాడు. విచ్ఛిన్నమైన ప్రధాన కథను తిరిగి సంధించేది బిందువని శాస్త్రం. నవ్వుకోసం వచ్చినవాని చేతిలో బిందువును దాచిపెట్టడం రచయిత నేర్పు.

ఇక విగ్రహం పోయిన తీరు. అల్లావుద్దీన్ కథలో పాతదీపానికి కొత్తదీపం ఇస్తానని మాంత్రికుడు వీధిలో కేక వేస్తాడు. ఏమీ ఎరుగని రాజకుమార్తె ఇచ్చివేస్తుంది. అది కేవలం పొరపాటు. ఇక్కడ విగ్రహాన్ని దొంగిలించేవాడు రాజుగారి బావమరిది శూరసేనుడు. ఇందుమతిని తానే పెండ్లాడాలని మొదటినుంచి ఆశపడి, భంగపడి, ఇక బ్రదుకు వద్దనుకున్నవాడు. మాంత్రికుడు అతని ఆశకు ఎర వేసినాడు. అంటే ఆపద బయటనుంచి రాలేదు. మొదటి దృశ్యాలలో రేలంగి ముఖాన మనం నవ్వుకుంటూ చూసిన అసూయే పండి కాయ అయినది. ఈ మార్పు ఒక్కటే చాలు, పింగళివారు కేవలం అనుకర్త కారని చెప్పడానికి.

కాని కుర్రవాని ప్రశ్నకు ఇది సగం సమాధానమే. మిగతా సగం, రాముడు దేవతను ఏమి కోరినాడన్న దానిలో ఉన్నది. రాజు అడిగిన సంపదను కోరినాడు. కోరడం తప్పని నేను అనను, అది షరతు. కాని విగ్రహం రాజు ప్రశ్నకు జవాబు చెప్పినదేగాని, ఈ తోటమాలి కొడుకు ఇందుమతికి తగినవాడా అన్న కథ ప్రశ్నకు చెప్పలేదు. గుహలో మొసలితోనూ మాంత్రికునితోనూ పెనగులాడిన బాహుబలమూ బుద్ధిబలమూ మేడ లేవగానే నిద్రపోయినవి. ఒక్క మాటతో వచ్చినది ఒక్క మాటతోనే పోయింది. దేవతకు తనవారు పెరవారు లేరు, విగ్రహం ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. మేడతో ఇందుమతి మాయమైనప్పుడు రాముడు మళ్లీ తల్లికొడుకైన తోటరాముడే. చూచినది, నష్టమైనది, మరల మరల వెదకబడేది గర్భసంధి అన్నారు పెద్దలు. విగ్రహం పోకపోతే గర్భసంధి లేదు. గర్భసంధి లేకపోతే పెళ్లివిందే తప్ప కథ లేదు.

తరువాతి భాగంలో రాముని చేతిలో దేవత లేదు. ఉన్నది అంజి. సుగ్రీవ వృత్తాంతం వలె ప్రధానకథను అంటిపెట్టుకొని సాగే ఈ స్నేహమే పతాక. తగవులాడుకునే అన్నదమ్ముల దగ్గర మాయశాలువా, పాదుకలు అంజికి దొరకడం మాత్రం నాకు కొంత వెలితిగానే తోస్తుంది. కాకతాళీయం అవసరానికి మించి సహాయపడింది. కథాసరిత్సాగరంలో పుత్రకుడు మయాసురుని కొడుకుల జగడంలో పాదుకలు కాజేసిన కథకు ఇది దగ్గరి చుట్టమే. అయినా పాతదైనంత మాత్రాన అతుకు కనిపించకుండా పోదు. ఆ వెంటనే అంజి సదాజప వేషంలో మాంత్రికునికి గడ్డం తీస్తే అందగాడవని నమ్మబలకడం ఎంత చక్కగా అతికింది! లోకాన్ని లొంగదీసుకున్నవాడు ఒక ఆడపిల్ల మెప్పుకోసం గడ్డం తీయించుకున్నాడు. మూడు కోరికలు, శూరసేనునిది, రాజుది, మాంత్రికునిది, ఎవరి కోరిక వారిని పడగొట్టింది.

విమర్శ, నిర్వహణ సంధుల ఎల్ల ఎక్కడ అన్నది వాదానికి నిలిచే విషయం. దానికోసం నేను పట్టుపట్టను. ఒక్కటి మాత్రం పిల్లలచేత గమనింపజేసినాను. విగ్రహం తిరిగి చేతికి వచ్చిన తరువాత కూడా రాముడు మేడను ఉజ్జయినికి చేర్చమని దేవతను కోరతాడేగాని, మాంత్రికునితో పోరును ఆమెకు అప్పగించడు. ఆకాశంలో సాగే మేడలో తానే తలపడతాడు.

చర్చ ముగించి, విగ్రహం ఏ ఘట్టంలో ఎవరి చేతిలో ఉన్నదో వరుసగా వ్రాసి తెమ్మన్నాను. మరునాడు ముప్పై కాగితాలు వచ్చినవి. కోటగిరి కుర్రవాని కాగితం చివర ఇట్లా ఉన్నది: “మేడ గాలిలో పోతున్నప్పుడు బొమ్మ ఎవరి దగ్గర ఉన్నదో నేను చూడలేదు సార్. కొట్లాటనే చూసిన.”