కైనమాటిక్ స్నిగ్ధత కొలతలు: ప్రమాణ వ్యవస్థల మధ్య పరివర్తన

వ్యాససంగ్రహం: కైనమాటిక్ స్నిగ్ధత విలువను ఒక ప్రమాణ వ్యవస్థ నుండి మరొకదానికి మార్చడం అన్నిచోట్లా ఒక్క గుణకారంతో ముగిసే పని కాదు. గుణకం చాలే సందర్భాన్ని, సాంద్రత అవసరమయ్యే సందర్భాన్ని, ప్రయోగాధారిత సూత్రం కావలసిన సందర్భాన్ని ఈ వ్యాసం వేరుచేసి వివరిస్తుంది.

కీలకపదాలు: స్నిగ్ధత, సాంద్రత, స్టోక్స్, సేబోల్ట్ సెకను, పరివర్తన.

1. ఉపోద్ఘాతం

ప్రవాహానికి ద్రవం చూపే అంతర్గత నిరోధమే స్నిగ్ధత. విరూపణ ప్రతిబలానికి, వేగ ప్రవణతకు గల నిష్పత్తిని డైనమిక్ స్నిగ్ధత అంటారు. దానిని అదే ఉష్ణోగ్రత వద్ద ద్రవసాంద్రతతో భాగిస్తే కైనమాటిక్ స్నిగ్ధత లభిస్తుంది. ఈ భాగహారంలో ద్రవ్యరాశి రద్దయి, పొడవు, కాలం మాత్రమే మిగులుతాయి. అందుకే దీని ప్రమాణం చదరపు మీటరు/సెకను. కేశనాళిక విస్కోమీటరులో ద్రవాన్ని నడిపించే గురుత్వ పీడనం కూడా సాంద్రతకు అనులోమంగానే ఉంటుంది. కనుక ఆ పరికరంలో ప్రవాహకాలం నేరుగా కైనమాటిక్ స్నిగ్ధతనే తెలుపుతుంది.

2. గుణకం చాలే సందర్భం

సి.జి.ఎస్. పద్ధతిలో ప్రమాణం స్టోక్స్. జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ (1819-1903) పేరిట ఏర్పడిన ఈ ప్రమాణం విలువ 1 చదరపు సెంటీమీటరు/సెకను, అనగా 10⁻⁴ చదరపు మీటరు/సెకను. ఇందులో నూరవ వంతైన సెంటీస్టోక్స్ 1 చదరపు మిల్లీమీటరు/సెకనుకు సరిగ్గా సమానం. అడుగు 0.3048 మీటర్లు కనుక 1 చదరపు అడుగు/సెకను 0.09290304 చదరపు మీటరు/సెకను, అంటే 92,903.04 సెంటీస్టోక్స్. పొడవు గుణకాన్ని వర్గం చేయడం మరచి 0.3048తోనే గుణిస్తే ఫలితం 3.28 రెట్లు పెరుగుతుంది.

3. సాంద్రత అవసరమయ్యే సందర్భం

20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి డైనమిక్ స్నిగ్ధత దాదాపు 1.00 సెంటీపాయిజ్, కైనమాటిక్ స్నిగ్ధత కూడా దాదాపు 1.00 సెంటీస్టోక్స్. ఈ సామ్యం చూసి రెండు ప్రమాణాలూ ఒకటేనని భావించడం పొరపాటు. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1 గ్రాము కావడమే దీనికి కారణం.

డీజిల్‌కు భారతీయ నిర్దేశం ఐ.ఎస్. 1460 ప్రకారం 40 డిగ్రీల వద్ద కైనమాటిక్ స్నిగ్ధత 2.0-4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. ఒక నమూనా డైనమిక్ స్నిగ్ధత ఆ ఉష్ణోగ్రత వద్ద 3.75 సెంటీపాయిజ్ అనుకుందాం. దాని సాంద్రత 15 డిగ్రీల వద్ద 0.845, 40 డిగ్రీల వద్ద 0.827 గ్రాములు/ఘన సెంటీమీటరు అనుకుందాం. మొదటి సాంద్రతతో భాగిస్తే 4.44 వచ్చి నమూనా నెగ్గుతుంది. సరైన సాంద్రతతో భాగిస్తే 4.53 వచ్చి పరిమితిని దాటుతుంది. ప్రమాణాలు సరిపోయినా, ఉష్ణోగ్రతలు సరిపోకపోవడం వల్ల తీర్పే మారిపోయింది.

4. సెకన్లలో చెప్పిన స్నిగ్ధత

పాత పారిశ్రామిక గ్రంథాలలో సేబోల్ట్ యూనివర్సల్ సెకన్లు కనిపిస్తాయి. ఇవి 60 మిల్లీలీటర్ల ద్రవం నిర్దిష్ట రంధ్రం గుండా జారడానికి పట్టే కాలం. రంధ్రం పొట్టిది కావడం వల్ల, ద్రవానికి గతిజశక్తి ఇవ్వడానికే పీడనంలో కొంత భాగం ఖర్చవుతుంది. అందుచేత కాలం స్నిగ్ధతకు అనులోమంగా ఉండదు. వాడుకలో ఉన్న ఉజ్జాయింపు సూత్రాలివి (ఫలితం సెంటీస్టోక్స్‌లో):

కాలం 32-100 సెకన్లయితే: స్నిగ్ధత = (0.226 × కాలం) − (195 ÷ కాలం)

కాలం 100 సెకన్లు మించితే: స్నిగ్ధత = (0.220 × కాలం) − (135 ÷ కాలం)

వీటి ప్రకారం 50 సెకన్లకు 7.4, 200 సెకన్లకు 43.3 సెంటీస్టోక్స్ వస్తాయి. కాలం 4 రెట్లయితే స్నిగ్ధత దాదాపు 6 రెట్లయింది. కాబట్టి ఇక్కడ ఒకే గుణకం చెల్లదు. పైగా పాత కొలతలలో 100 డిగ్రీల ఫారన్‌హీట్ తరచుగా కనిపిస్తుంది, అది 37.8 డిగ్రీల సెల్సియస్, 40 కాదు. ఒక ఉష్ణోగ్రత నుండి మరొకదానికి విలువను తీసుకువెళ్లడం ప్రమాణ పరివర్తన కాదు. దానికి ఆ ద్రవపు స్నిగ్ధత-ఉష్ణోగ్రత సంబంధం తెలియాలి.

5. ఒకే సంక్షిప్తం, వేర్వేరు రాశులు

కందెన నూనెలలో 'ఐ.ఎస్.ఓ. వి.జి. 46' అంటే 40 డిగ్రీల వద్ద 46 సెంటీస్టోక్స్, 10 శాతం అటూఇటూ, అంటే 41.4-50.6. రోడ్లకు వాడే తారులో 'వి.జి. 30' అంటే 60 డిగ్రీల వద్ద 2400-3600 పాయిజ్‌ల డైనమిక్ స్నిగ్ధత. అదే తారుకు 135 డిగ్రీల వద్ద కనీసం 350 సెంటీస్టోక్స్ కైనమాటిక్ స్నిగ్ధత కూడా ఉండాలని ఐ.ఎస్. 73 కోరుతుంది. రెండుచోట్లా 'వి.జి.' అంటే స్నిగ్ధతా శ్రేణియే అయినా, సూచించే రాశి, ప్రమాణం, ఉష్ణోగ్రత వేర్వేరు.

6. ముగింపు

పరివర్తనకు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇచ్చినది డైనమిక్ స్నిగ్ధతా, కైనమాటిక్ స్నిగ్ధతా? ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచారు? ప్రమాణం పొడవు, కాలాల నుండి ఏర్పడినదా, లేక ఒక పరికరపు కాలగణన మాత్రమేనా? ఉజ్జాయింపు సూత్రం నుండి వచ్చిన ఫలితానికి మూల కొలతకు లేని దశాంశ స్థానాలను చేర్చకూడదు. పరిశోధక విద్యార్థులు తమ పట్టికలలో మార్చిన విలువతోపాటు మూల విలువను, ఉష్ణోగ్రతను, వాడిన సూత్రాన్ని కూడా నమోదు చేస్తే, తరువాతివారు ఆ ఫలితాన్ని పరీక్షించి చూడగలుగుతారు.