వామనగుంటల బడి

ఆట వేఱు, చదువు వేఱు అను నమ్మకముతో నేను పాఠములు చెప్ప మొదలిడితిని. ఆ నమ్మకము తప్పని నాకు దెలిపినవాడు మూడవ తరగతి బాలుడు. నేటి ప్రసంగమునకు అతడే మూలము.

వ్యాకరణమును, కావ్యములను గురుముఖమున నేర్చి ఉద్యోగములో జేరిన క్రొత్తలో నన్నొక చిన్న పల్లె బడికి బంపిరి. అచట అన్ని పాఠములును నేనే చెప్పవలసి వచ్చెను. ఒకనాడు ఏడును అయిదును కలిసి యెంత యని ఆ బాలుని అడిగితిని. అతడు పలకవైపు చూచెనే కాని పలుకలేదు. గోడకడ నిలువబెట్టితిని. మధ్యాహ్న విరామమున అతడే వేపచెట్టు క్రింద అక్కతో వామనగుంటలాడుచు కనబడెను. నేలలో త్రవ్వుకొన్న గుంటలు, చింతగింజలు. ఆమె ఒక గుంటవైపు చేయి చాపినంతనే, "తియ్యకక్కా, నా ఎనిమిదీ పోతాయి!" అని మొఱపెట్టెను. బడిలో ఆటలేమి యని కోపించి, నేను ఆ గింజలను ఏరి ప్రహరి ఆవలకు విసరివైచితిని.

ఆ సాయంకాలము ఇల్లు చేరుచుండగా ఆ మొఱ జ్ఞప్తికి వచ్చెను. అక్క గింజలను తాకకమునుపే, అవి యెచట ముగియునో, తనవెన్ని పోవునో అతడు మనసులోనే లెక్కించినాడు. నేనడిగిన కూడికకన్న అది కఠినమైన లెక్క. మరునాడు నేనే గుప్పెడు గింజలు తీసికొనిపోతిని. అతడు రాలేదు. కొన్నినాళ్ళకు పశువుల వెంట బోవుచు కనబడెను. పిలిచితిని; తల వంచుకొని పోయెను.

ఈ యాట నెఱుగని శ్రోతలకు రెండు మాటలు. వరుసకు ఏడేసి చొప్పున రెండు వరుసలు, మొత్తము 14 గుంటలు. మా యింటి పద్ధతిలో గుంటకు అయిదేసి గింజలు, అనగా 70. ఆడువారు తమ వరుసలోని ఒక గుంట గింజలన్నియు తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా వేయుచు పోవలెను. చేతిలోనివి ముగిసినచో, ఆ పై గుంటలోనివి తీసి యాట సాగింపవలెను. ఆ గుంట ఖాళీగా నున్నచో, దాని ఆవలి గుంటలోని గింజలు గెలుచుకొందురు, వంతు ముగియును. ఊరూర పద్ధతి కొంత మాఱును.

ఇందు గణితము మెట్లు మెట్లుగా నున్నది. నాలుగేండ్ల బిడ్డకు పూర్తి యాట వలదు. గుంటకొక గింజ వేయుచు లెక్కపెట్టిన చాలును. వస్తువునకొక సంఖ్య యనునదే లెక్కకు తొలిమెట్టు. అయిదాఱేండ్ల బిడ్డ ముందు ఏడు గింజలుంచి, కొన్నిటిని అరచేత మూసి, "కనబడునవి మూడు, దాగినవెన్ని?" అని యడుగుడు. తీసివేత అదియే. ఏడెనిమిదేండ్ల బిడ్డను గింజలు తీయకమునుపే చివరిది యెచట బడునో చెప్పుమనుడు. మూడవ గుంటనుండి అయిదు తీసినచో చివరిది ఎనిమిదవ దానిలో, అనగా ఎదుటి వరుసలోని మొదటి గుంటలో బడును. సరియో కాదో గింజలే చెప్పును. బెత్తముతో పని లేదు.

నా మనుమరాలు మొదట మూడు మాఱులు వరుసగా ఓడి, పీటను త్రోసివేసెను. నేను గింజలు తగ్గించి గుంటకు మూడేసి యుంచితిని. మొత్తము 42. ఆట ముగిసినపిమ్మట, "నాకు 23 వచ్చినవి, నీవి లెక్కింపకయే చెప్పుము" అంటిని. కొంతసేపు వ్రేళ్ళు ముడిచి, "పందొమ్మిది" అనెను. ఆ కొంతసేపు నేను మౌనముగా నుండుటయే నాటి నా బోధన. పెద్దలు తొందరపడి జవాబు అందించినచో పిల్లలకు ఆలోచించు పని యుండదు.

అతి సులభమైన ఆట విసుగు పుట్టించును. అతి కఠినమైనది భయపెట్టును. బిడ్డ ఒంటరిగా చేయలేక, పెద్దల చిన్న సాయముతో చేయగల పనియందే నేర్పు పెరుగునని రష్యా దేశపు మనశ్శాస్త్రవేత్త వైగాట్స్కీ (1896-1934) వివరించెను. 1907లో రోము నగరమున మాంటిస్సోరి తెఱచిన శిశుగృహములోను, 1920లో భావనగరమున గిజుభాయి నెలకొల్పిన బాలమందిరములోను బిడ్డల చేతులకు పని కల్పించిరి. మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకు ఆటలు ప్రధానముగా బోధింపవలెనని 2020 నాటి మన జాతీయ విద్యావిధానమును చెప్పుచున్నది.

కొన్ని జాగ్రత్తలు. మూడేండ్ల లోపు శిశువులకు గింజలు అందనీయరాదు. నోటనో ముక్కుననో పెట్టుకొందురు. వరుసగా గెలుచుచున్నచో ఒక మెట్టు పెంచుడు. ఓడుచున్నచో ఒక మెట్టు తగ్గించుడు. గెలుపునకు మిఠాయి ఆశ చూపకుడు. బిడ్డ అలయకమునుపే యాట ముగింపుడు. రేపు తానే పిలుచును. పీట లేనిచో నేలమీద సుద్దతో 14 వలయములు గీసిన చాలును.

ఆ పల్లె బాలునికి నేను గింజలు తిరిగి యీయలేకపోతిని. మీ యింటి బిడ్డకు లెక్కలు రావని యెవరైన చెప్పినచో, నమ్మకమునుపు ఆ బిడ్డ యెదుట కూర్చుండి ఒక యాట యాడుడు. సెలవు.